మెట్రోలో పోయే గంటల్లో సీఎంఏ ఇంటర్ చదవడం కుదురుతుందా? రోజూ అప్ అండ్ డౌన్ చేసేవాళ్లు చెప్పండి

నాగోల్ ప్యాసింజర్

అందరికీ నమస్కారం. బీకాం అయ్యాక ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాను. ఇల్లు నాగోల్, ఆఫీసు రాయదుర్గం అవతల. పొద్దున నాగోల్‌లో మెట్రో ఎక్కి చివరి స్టేషన్‌లో దిగుతాను, సాయంత్రం అదే దారిలో వెనక్కి. రెండు వైపులా ట్రైన్ బయల్దేరే చోటే ఎక్కుతాను కాబట్టి కాస్త ఓపిక పడితే సీటు దొరుకుతుంది. దిగాక షేర్ ఆటో. అంతా కలిపితే రోజుకి రెండు గంటల పైనే దారిలో పోతోంది. ఆ టైమంతా ఫోన్‌లో వేలు ఆడిస్తుండగానే అయిపోతుంది. ఇంటికి చేరి, తిని కూర్చునేసరికి చదువుకోవడానికి మిగిలేది గంట.

సీఎంఏ, అంటే కాస్ట్ అండ్ మేనేజ్‌మెంట్ అకౌంటెంట్ కోర్సులో ఇంటర్ దశ రాయాలని ఉంది. డిగ్రీ ఉంది కాబట్టి ఫౌండేషన్ అక్కర్లేదు, నేరుగా ఇంటర్‌లో చేరొచ్చు. ఇంట్లో గంటతో ఎనిమిది పేపర్లు అయ్యే పని కాదు. అందుకే దారిలో టైం వాడుకోవాలనుకుంటున్నాను. టైం వేస్ట్ చేయొద్దని చెప్పేవాళ్లు బోలెడంత మంది ఉన్నారు. దారిలో చదువు నిజంగా ఎక్కుతుందా, ఎక్కితే ఎలా ఎక్కుతుంది అన్నది అనుభవం ఉన్నవాళ్లు చెబితే మేలు చేసినవాళ్లవుతారు.

కొత్త సభ్యుడు

కుదురుతుంది అన్నా. యూట్యూబ్‌లో క్లాసులు బోలెడున్నాయి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటూ వెళ్లండి. రోజుకి రెండు గంటలంటే మామూలు విషయం కాదు.

పుష్‌పుల్ కాజీపేట

తమ్ముడూ, నేను కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కి ఏళ్ల తరబడి సీజన్ టికెట్ మీద తిరిగినవాణ్ణి. 132 కిలోమీటర్లు. నూటయాభై లోపు దూరమే కాబట్టి పాస్ ఇస్తారు. జనగామ, ఆలేరు, భువనగిరిల్లో ఎక్కే టీచర్లు, బ్యాంకు వాళ్లు, సెక్రటేరియట్ వాళ్లు అందరం ఒకే బోగీలో కూర్చునేవాళ్లం. మాలో కొందరు డిపార్ట్‌మెంట్ టెస్టులు, ఇంకొందరు గ్రూప్స్ ఆ బోగీలోనే చదివి పాసయ్యారు. కాబట్టి కుదురుతుందా అన్న అనుమానం పెట్టుకోకు.

కానీ పైన తమ్ముడు చెప్పిన "వింటూ వెళ్లడం" గురించి ఒక మాట చెప్పాలి. రైల్లో కొత్త పాఠం వింటే విన్నట్టే ఉంటుంది, దిగాక ఏమీ మిగలదు. పక్కనవాడు పలకరిస్తాడు, చాయ్‌వాలా వస్తాడు, క్రాసింగ్‌లో బండి ఆగుతుంది. అంత గందరగోళంలో కొత్త విషయం పట్టుకోవడం కష్టం. పాత విషయాన్ని తిరగేసుకోవడం మాత్రం బ్రహ్మాండంగా కుదురుతుంది. మా బోగీలో పద్ధతి ఇదే. రాత్రి ఇంట్లో ఎవరి పాఠం వాళ్లు చదువుకోవాలి. పొద్దున రైలెక్కాక పుస్తకం మూసి ఒకరినొకరు అడుక్కోవాలి. జనగామ దాటేలోపు రాజ్యాంగం, ఆలేరు దాటాక కరెంట్ అఫైర్స్. జవాబు రానివాడు ఆ రాత్రి అదే చదువుకుని వచ్చేవాడు, ఎందుకంటే తెల్లారితే మళ్లీ అడుగుతారు.

అందుకే నా సలహా: ఇంట్లో ఆ గంట కొత్త పాఠానికి, దారి అంతా రివిజన్‌కి. తిప్పి చేయకు.

సైకాలజీ మేడం

కాజీపేట అన్నగారు అనుభవంతో చెప్పిన మాటకు పరిశోధనలో గట్టి ఆధారం ఉంది. డిగ్రీ కాలేజీలో ఈ పాఠమే చెబుతాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థం లేని అక్షరాల గుంపులను తానే బట్టీపట్టి, ఎంత కాలానికి ఎంత మరిచిపోతున్నాడో కొలిచాడు. మరుపు మొదటి కొన్ని గంటల్లోనే చాలా వేగంగా ఉంటుందనీ, తర్వాత నెమ్మదిస్తుందనీ తేలింది. ఒకేసారి కూర్చుని పట్టిన బట్టీ కంటే అదే శ్రమను కొన్ని రోజులకు విడదీస్తే ఎక్కువ నిలుస్తుందని కూడా ఆయన గమనించాడు. రాత్రి చదివినదాన్ని పొద్దున మెట్రోలో, సాయంత్రం తిరుగు ప్రయాణంలో మళ్లీ పలకరిస్తే ఈ విడదీయడం దానంతట అదే జరిగిపోతుంది. ఇంట్లో తీరిగ్గా ఉన్నవాళ్లకి ఇలాంటి గడియారం ఉండదు. రోజూ ప్రయాణం చేసేవాళ్లకి అది ఒక సౌకర్యమే.

రెండోది ఇంకా ముఖ్యం. 2006లో రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు చేసిన ప్రయోగంలో కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు. ఇంకొందరు ఒకసారి చదివి, పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. రెండు రోజులకు, వారానికి పరీక్ష పెడితే మాత్రం గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లే ముందున్నారు. తిరిగి చదువుతున్నప్పుడు "ఇది నాకు తెలుసు" అనిపిస్తుంది. అది తెలియడం కాదు, చూసిన ముఖంలా అనిపించడం అంతే. జవాబు చూడకుండా తల లోపల వెతుక్కోవడంలోనే జ్ఞాపకం గట్టిపడుతుంది.

కాబట్టి మెట్రోలో క్లాసు వినాలా, పీడీఎఫ్ చదవాలా అన్నదాని కంటే ప్రశ్న వేసుకుని జవాబు చెప్పుకుంటున్నారా లేదా అన్నది చూసుకోండి.

నాగోల్ ప్యాసింజర్

మేడం, అన్నా, చాలా థాంక్స్. ఇది నేను అనుకున్నదానికి పూర్తిగా వ్యతిరేకంగా ఉంది. క్లాసులు దారిలో విని, ఇంట్లో రివిజన్ చేద్దామనుకున్నాను. సీఎంఏ చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? పేపర్ల వారీగా ఏవి దారిలో కుదురుతాయో తెలిస్తే బాగుండు.

కాస్టింగ్ టేబుల్

ఉన్నానండీ. ఉద్యోగం చేస్తూనే ఇంటర్, ఫైనల్ రెండూ పూర్తి చేశాను. నాది పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీ, కంపెనీ బస్సు. కాబట్టి మీ పరిస్థితి బాగా తెలుసు.

2022 సిలబస్ ప్రకారం ఇంటర్‌లో రెండు గ్రూపులు, ఒక్కో గ్రూపులో నాలుగు పేపర్లు. పేపర్‌కి కనీసం 40 మార్కులు, గ్రూపు మొత్తం మీద సగటున 50 శాతం రావాలి. ఈ సగటు సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. నాలుగింటిలోనూ నలభైలు తెచ్చుకుంటే గ్రూపు పోయినట్టే. ఏదో ఒక పేపర్‌లో ఎక్కువ లాగాలి, మిగతావాటిలో జారిపోకూడదు. పరీక్షలు జూన్‌లో, డిసెంబర్‌లో.

మొదటి గ్రూపు తీసుకోండి. బిజినెస్ లాస్ అండ్ ఎథిక్స్, ఫైనాన్షియల్ అకౌంటింగ్, డైరెక్ట్ అండ్ ఇన్‌డైరెక్ట్ ట్యాక్సేషన్, కాస్ట్ అకౌంటింగ్. ఇందులో లా పేపర్ పూర్తిగా మెట్రోకి పుట్టినట్టే ఉంటుంది. 1872 కాంట్రాక్ట్ చట్టంలో సెక్షన్ 10 ఏం చెబుతుంది? ఏ ఒప్పందాలు కాంట్రాక్టులవుతాయో చెబుతుంది. 11 ఎవరికి అర్హత ఉందో చెబుతుంది. 25 ప్రతిఫలం లేని ఒప్పందం చెల్లదంటూనే మినహాయింపులు ఇస్తుంది, ఆ మినహాయింపుల మీదే ప్రశ్న వస్తుంది. 73 నష్టపరిహారం. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 138 చెక్ బౌన్స్. ఒక్కో సెక్షన్‌కి ఒక కార్డు. ముందు వైపు ప్రశ్న, వెనక జవాబు. చూడకుండా చెప్పగలిగితే పక్కన పెట్టండి, లేకపోతే మళ్లీ కట్టలోకి.

ట్యాక్స్‌లో జీఎస్టీ భాగం కూడా అలాగే. సెక్షన్ 16లో ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) రావాలంటే ఇన్‌వాయిస్ ఉండాలి, సరుకు చేతికి రావాలి, అమ్మినవాడు పన్ను ప్రభుత్వానికి కట్టి ఉండాలి, మీరు రిటర్న్ వేసి ఉండాలి. అమ్మినవాడికి 180 రోజుల్లో డబ్బు కట్టకపోతే తీసుకున్న క్రెడిట్ వెనక్కి ఇవ్వాలి. ఏ వాటికి క్రెడిట్ రాదో 17(5)లో ఉంటుంది. ఇది మీరు ఆఫీసులో రోజూ చూసేదే. బిల్లు చేతికి వచ్చినప్పుడు "దీనికి క్రెడిట్ వస్తుందా, ఎందుకు?" అని అడుక్కుంటే ఆఫీసు టైం కూడా చదువైపోతుంది. అకౌంట్స్‌లో పని చేసేవాళ్లకి ఉన్న ఈ లాభాన్ని చాలామంది వాడుకోరు, నాకు అదే బాధ.

కాస్ట్ అకౌంటింగ్, ఫైనాన్షియల్ అకౌంటింగ్ లెక్కలు మాత్రం దారిలో పెట్టుకోకండి. ప్రాసెస్ కాస్టింగ్‌లో ఈక్వివలెంట్ యూనిట్ల లెక్క (సగంలో ఉన్న సరుకును పూర్తయిన యూనిట్ల కింద లెక్కగట్టడం) ఒళ్లో ఫోన్ పెట్టుకుని చేసేది కాదు. దానికి టేబుల్, కాలిక్యులేటర్, పొడుగు నోట్‌బుక్ కావాలి. ఇంట్లో ఆ గంట మొత్తం వీటికే. సెలవు రోజుల్లో పాత ప్రశ్నపత్రం టైం పెట్టుకుని రాయండి. మెట్రోలో లెక్క చేయొద్దు కానీ, లెక్కలో మొదటి అడుగు ఏంటో చెప్పుకోవచ్చు. "అబ్‌నార్మల్ లాస్ (మామూలుకు మించిన నష్టం) వస్తే ఏ ఖాతాకి పోతుంది? ఏ రేటున?" ఇంతవరకు నోటితో చెప్పగలిగితే రాత్రి చేయి ఆగదు.

స్టడీ మెటీరియల్ సీఎంఏ కోర్సు నడిపే ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్‌లోనే ఉచితంగా దొరుకుతుంది. పాత ప్రశ్నపత్రాలు, సూచించిన జవాబులు కూడా అక్కడే. ముందు వాటితో మొదలుపెట్టండి, కోచింగ్ ఆలోచన తర్వాత.

నాగోల్ ప్యాసింజర్

సార్, మీరు రాసింది ప్రింట్ తీసుకుని దగ్గర పెట్టుకుంటాను. ఒక చిన్న సందేహం. కార్డులు తెలుగులో రాసుకోవాలా, ఇంగ్లీషులోనా? నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం. తెలుగులో అనుకుంటే తొందరగా అర్థమవుతుంది.

కాస్టింగ్ టేబుల్

ప్రశ్న తెలుగులో రాసుకోండి, జవాబు ఇంగ్లీషులో. "ప్రతిఫలం లేకపోయినా ఏ ఒప్పందం చెల్లుతుంది?" అని ముందు వైపు. వెనక పరీక్షలో రాయాల్సిన మాటలు యథాతథంగా. పరీక్ష పేపర్ ఇంగ్లీషులో రాస్తారు కాబట్టి ఆ వాక్యాలు చేతికి అలవాటు కావాలి. అర్థం చేసుకోవడం మాత్రం మీ భాషలోనే చేయండి, అందులో నామోషీ ఏమీ లేదు.

సిటీ బస్సు రోజూ

మీకు సీటు దొరుకుతుంది కాబట్టి కార్డులు, ఫోన్లు అంటున్నారు. నేను ఈసీఐఎల్ నుంచి సిటీ బస్సులో వెళ్తాను. ఒక చేత్తో రాడ్ పట్టుకోవాలి, ఇంకో చేత్తో బ్యాగు. మహాలక్ష్మి ఉచిత ప్రయాణం వచ్చాక బస్సులో ఆడవాళ్లం ఎక్కువయ్యాం, పొద్దున నిలబడటానికి చోటు దొరికితే చాలు. మాలాంటివాళ్లు ఏం చేయాలి?

పుష్‌పుల్ కాజీపేట

అమ్మా, నిలబడి చేసేదీ ఉంది. ఇంట్లోంచి బయల్దేరే ముందు ఒకే ఒక్క ప్రశ్న అనుకుని రండి. ఒక చట్టం, ఒక కవిత, ఒక లెక్క, ఏదైనా సరే. బస్సెక్కాక దాని జవాబు మొదటి నుంచి చివర దాకా మనసులో చెప్పుకుంటూ పోవాలి. ఎక్కడ ఆగిపోయిందో అదే ఆఫీసుకి వెళ్లాక చూసుకోవాల్సిన చోటు. ఫోన్ అక్కర్లేదు, పుస్తకం అక్కర్లేదు. ఎండాకాలం పుష్‌పుల్ రైల్లో కాలు పెట్టడానికి చోటు లేనప్పుడు మేం చేసింది ఇదే.

సిటీ బస్సు రోజూ

ఇది కుదిరేలా ఉంది అన్నా. డీఎస్సీకి చదువుతున్నాను. మెథడాలజీ ప్రశ్నలు ఇలా అనుకుంటూ పోవచ్చు.

సైకాలజీ మేడం

ఒక జాగ్రత్త కూడా రాయనివ్వండి. బైక్ మీద వెళ్లేవాళ్లు ఇది చదివి చెవిలో క్లాసు పెట్టుకుని బండి నడపకండి. హారన్ వినపడకపోతే ప్రాణం మీదకి వస్తుంది. ఆ టైం చదువుది కాదు, రోడ్డుది.

కృష్ణలంక అమ్మ

అందరూ మంచి మాటలే చెబుతున్నారు, కాదనను. కానీ నా మాట కూడా వినండి. నేను విజయవాడలో ఉంటాను. ఇద్దరు పిల్లలు. పొద్దున వంట, బాక్సులు, స్కూలు, తర్వాత నా ఉద్యోగం, సాయంత్రం పాపని సంగీతం క్లాసుకి, బాబుని ట్యూషన్‌కి తీసుకెళ్లడం. క్లాసు బయట బల్ల మీద కూర్చునే ఆ ముప్పావు గంటే రోజు మొత్తంలో నన్ను ఎవరూ పిలవని టైం. "ఖాళీగా కూర్చున్నావు కదా, ఏదైనా నేర్చుకో" అని ఇంట్లోవాళ్లు అన్నప్పుడు నాకు కోపం వస్తుంది. అది ఖాళీ కాదు. నేను ఊపిరి పీల్చుకునే చోటు.

టైం వేస్ట్ అనే మాట ఎవరు ఎవరిని అంటున్నారో కూడా చూడాలి. వేళకు ఎవరో వండి పెడితే, బట్టలు ఎవరో ఉతికితే, దారిలో రెండు గంటలు మిగిలాయని అనిపిస్తుంది. ఆ మిగిలిన టైం వెనక ఇంకొకరి టైం ఉంటుంది. నాగోల్ తమ్ముడిని అనడం లేదు, ఆయన ఇల్లు నాకు తెలియదు. ఇలాంటి చర్చల్లో ఈ సంగతి ఎవరూ ఎత్తరు కాబట్టి ఎత్తాను.

సైకాలజీ మేడం

అమ్మగారూ, మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం, ఈ చర్చలో రావాల్సిన మాటే. ఏ పనీ చేయనప్పుడు మెదడు ఆగిపోదు. 2001లో మార్కస్ రైకెల్ బృందం దీన్ని వివరించింది. మనం బయటి పని మీద దృష్టి పెట్టనప్పుడు మెదడులో కొన్ని భాగాలు కలిసికట్టుగా ఎక్కువ పని చేస్తాయి. జరిగినవి తలచుకోవడం, రేపటిది ఊహించుకోవడం, మనుషుల గురించి ఆలోచించడం వీటితో ముడిపడి ఉన్నాయి. ఊరికే కూర్చున్నట్టు కనిపించే మనిషి లోపల చాలా సర్దుకుంటూ ఉంటారు.

అలాగని ఫోన్‌లో వీడియోలు మార్చుకుంటూ పోవడాన్ని విశ్రాంతి అనుకోవద్దు. అప్పుడు దృష్టి బయటే ఉంటుంది. కళ్లు మూసుకునో, కిటికీలోంచి చూస్తూనో ఉండటం వేరు. నాగోల్ ప్యాసింజర్ గారూ, మీరు కూడా రెండు గంటలూ నింపేయాలని పెట్టుకోవద్దు. పొద్దున తల తాజాగా ఉంటుంది, అప్పుడు చదవండి. సాయంత్రం ఆఫీసు అలసటతో ఎక్కినప్పుడు సగం దారి ఊరికే వదిలేయండి.

పుష్‌పుల్ కాజీపేట

కృష్ణలంక చెల్లెమ్మ మాట నా గుండెకు తగిలింది. మా బోగీలో ఒక టీచరమ్మ ఎప్పుడూ మా ప్రశ్నల్లో చేరేది కాదు, భువనగిరి దాకా కళ్లు మూసుకుని కూర్చునేది. మా వాళ్లు పిలిస్తే, "ఇంట్లో అత్తగారు మంచాన ఉన్నారు, రాత్రి నిద్ర ఉండదు" అని చెప్పింది. ఆ తర్వాత ఆమె కూర్చున్న వైపు గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్లం.

రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్

బాబూ, నాది తెనాలి ప్రాంతం. ప్రయాణంలో చదువు అనగానే మా నాన్నగారు చెప్పిన సంగతి రాయాలనిపించింది. ఈ తరానికి తెలియాలి.

రోడ్లు, బస్సులు సరిగా లేని రోజుల్లో డెల్టా పల్లెలకు కాలువలే దారులు. పడవ ఎక్కితే గంటల తరబడి ప్రయాణం. గట్టు మీద మనుషులు తాడుతో లాగుతుంటే నింపాదిగా సాగేది. జనం ఊరికే కూర్చునేవారు, లేదా పేకాట. ఆ టైం చూసి గ్రంథాలయాల కోసం పనిచేసిన పాతూరి నాగభూషణం గారికి ఒక ఆలోచన వచ్చింది. 1935లో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య తిరిగే పడవల్లో ప్రయాణికుల కోసం గ్రంథాలయం పెట్టించారు. పడవ ఎక్కినవాళ్లు పుస్తకం తీసుకోవచ్చు, దిగేటప్పుడు ఇచ్చేయొచ్చు. చదవడం రానివాళ్లకి వచ్చినవాళ్లు చదివి వినిపించేవారని నాన్నగారు అనేవారు.

ఆ కాలంలో గ్రంథాలయం పెట్టడమంటే ఉద్యమం. అయ్యంకి వెంకటరమణయ్య గారి లాంటివాళ్లు ఊరూరా తిరిగారు. వేటపాలెంలో సారస్వత నికేతనం గ్రంథాలయం 1918 నాటిది, 1929లో గాంధీగారు దాని భవనానికి శంకుస్థాపన చేశారు. వీళ్లెవరూ ప్రజలను "టైం పాడు చేసుకుంటున్నారు" అని తిట్టలేదు. మనిషి ఎక్కడ కూర్చుంటే అక్కడికి పుస్తకం తెచ్చి పెట్టారు. మీ మెట్రో స్టేషన్లలో కూడా అలాంటి అలమర ఒకటి ఉంటే ఎంత బాగుంటుంది. అధికారులు ఎవరైనా ఇది చదువుతుంటే ఆలోచించండి.

నాగోల్ ప్యాసింజర్

పెద్దాయనా, పడవలో లైబ్రరీ సంగతి ఇవాళే వింటున్నాను. మా నాన్నది కూడా కృష్ణా జిల్లా వైపే, ఆయనకి చెబుతాను. కృష్ణలంక అక్కా, మా ఇంట్లో వంట అమ్మ చేస్తుంది. మీరు చెప్పాక ఆలోచిస్తున్నాను. ఆదివారం వంట, అంట్లు నావి అని ఇవాళే చెప్పేశాను.

కువైట్ నుంచి

అన్నలకి, అక్కలకి నమస్తే. మాది రాయచోటి దగ్గర పల్లె. ఇక్కడ హౌస్ డ్రైవర్ పని. మా పనిలో డ్రైవింగ్ కంటే ఎదురుచూడటమే ఎక్కువ. స్కూలు ముందు, జమియా (సహకార సూపర్‌మార్కెట్) ముందు, రాత్రి దివానియా (మగవాళ్లు కూర్చుని మాట్లాడుకునే చోటు) దగ్గర. ఎప్పుడు పిలుస్తారో తెలియదు కాబట్టి ఎక్కడికీ పోలేం. కొత్తలో ఆ గంటలు తరగకపోయేవి. ఇల్లు గుర్తొచ్చి మనసు పాడయ్యేది.

అప్పుడు ఒక పెద్దాయన, మా జిల్లావాడే, "భాష నేర్చుకోరా, భాష రానివాడి జీతం పెరగదు, మాటలు పడాల్సి వస్తుంది" అన్నాడు. యమీన్, యసార్, సీదా అంటే కుడి, ఎడమ, నేరుగా అని అందరు డ్రైవర్లకీ వచ్చు. దాంతో ఆగిపోతారు. నేను బాబా (ఇంటి యజమాని) ఫోన్‌లో మాట్లాడేటప్పుడు కొత్త మాట వినపడితే గుర్తుపెట్టుకుని, దిగిపోయాక జేబులో చిన్న పుస్తకంలో తెలుగు అక్షరాల్లో రాసుకునేవాణ్ణి. ఎదురుచూసేటప్పుడు ఈజిప్టు డ్రైవర్ పక్కన ఉంటే దాని అర్థం అడిగేవాణ్ణి. తర్వాత ఆ మాటతో నేనే ఒక వాక్యం కట్టి అతనితో మాట్లాడేవాణ్ణి. అతను నవ్వి సరిచేసేవాడు. ఇప్పుడు హాస్పిటల్‌కి పోయినా, పోలీసు ఆపినా నా మాట నేనే మాట్లాడుకుంటాను. మన ఊరి ఆడవాళ్లు ఇళ్లలో పని చేస్తూ కష్టంలో ఉంటే వాళ్ల తరఫున కూడా మాట్లాడుతున్నాను.

తర్వాత ఓపెన్ స్కూల్‌లో టెన్త్ కట్టాను. పుస్తకాలు కారు డాష్‌బోర్డ్‌లోనే. సెలవు పరీక్షలకి కుదిరేలా అడిగి తెచ్చుకుని ఊరొచ్చి రాశాను, పాసయ్యాను. ఇంటర్ కూడా కడతాను. తమ్ముడూ, నీకు డిగ్రీ ఉంది, సీటు ఉంది, ఏసీ ఉంది. నువ్వు కచ్చితంగా చేయగలవు.

రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్

నాయనా, నీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. ఇంటర్ తర్వాత ఆగొద్దు. హైదరాబాద్‌లో అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. 1982లో మొదలైంది, దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ. ఉద్యోగాలు చేసుకునేవాళ్ల కోసమే పెట్టింది. మా పోస్టాఫీసులో పోస్ట్‌మ్యాన్‌గా చేరి, అందులో డిగ్రీ చేసి పై పోస్టుకి వెళ్లినవాళ్లు ఉన్నారు.

కువైట్ నుంచి

తప్పకుండా సార్. మీ ఆశీర్వాదం.

తార్నాక టెకీ

ఫోన్ సంగతి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. అసలు కష్టం అక్కడే ఉంది. చదువుదామని ఫోన్ తీస్తాం, పైన నోటిఫికేషన్ కనపడుతుంది, ఒక్కసారి చూద్దామని నొక్కుతాం. అక్కడి నుంచి వెనక్కి రాము. వచ్చినా మనసు సగం అక్కడే ఉంటుంది. ఒక పని సగంలో వదిలి ఇంకో పనికి వెళ్తే మొదటి దాని ఆలోచన కొంత అంటుకునే ఉంటుందని 2009లో సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు చూపించారు. ఆఫీసులో రోజుకి ఎన్నోసార్లు ఇది నా కళ్లతో చూస్తుంటాను.

అందుకని సంకల్పం మీద భారం వేయకుండా ఫోన్‌నే మార్చాలి. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ ఉంటుంది. అందులో ఒక్కో యాప్‌కి టైమర్ పెట్టొచ్చు. ఫోకస్ మోడ్‌లో మీరు చెప్పిన గంటల్లో ఆ యాప్‌లు ఆగిపోయేలా పెట్టొచ్చు. పొద్దున మెట్రో ఎక్కే టైంకి అది దానంతట అదే ఆన్ అయ్యేలా పెట్టుకోండి. కావలసినవి రాత్రే వైఫైలో డౌన్‌లోడ్ చేసుకుని, ప్రయాణంలో డేటా ఆఫ్ చేయండి.

కార్డుల కోసం అంకీ అనే యాప్ ఉంది. ఆండ్రాయిడ్‌లో ఉచితం. తెలుగులో టైప్ చేసుకోవచ్చు. మేడం చెప్పిన విడదీసి చదవడం ఇది లెక్కగట్టి చేస్తుంది. వచ్చిన కార్డుని కొన్ని రోజుల తర్వాత, మళ్లీ వస్తే ఇంకా ఎక్కువ రోజుల తర్వాత చూపిస్తుంది. రానిదాన్ని వెంటనే మళ్లీ తెస్తుంది. ఒక్క షరతు, కార్డులు మీరే తయారు చేసుకోండి. వేరేవాళ్లు చేసినవి దిగుమతి చేసుకుంటే వందల కార్డులు పోగవుతాయి, రెండు వారాల్లో విసుగొచ్చి తీసేస్తారు. తయారు చేయడంలోనే సగం చదువు ఉంది.

క్లాసులు కావాలంటే ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల కోర్సులు ఉచితం. మేనేజ్‌మెంట్, ఫైనాన్స్ కూడా ఉన్నాయి. పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు. కానీ సీఎంఏ పూర్తయ్యేదాకా వాటి జోలికి వెళ్లొద్దని నా సలహా. ఒక్కటి పట్టుకోండి.

కొత్త సభ్యుడు

నేను మొదట క్లాసులు వినమన్నాను కదా. ఇన్ని మాటలు చదివాక ఒక ప్రశ్న. వినడం అసలు పనికిరాదా? నేను ఇంగ్లీష్ కోసం పాడ్‌కాస్టులు వింటాను.

సైకాలజీ మేడం

భాష విషయంలో వినడం చాలా పనికొస్తుంది. ఉచ్చారణ, మాట తీరు చెవికే పట్టాలి. కువైట్ తమ్ముడు చేసినట్టు విన్న మాటను మీ నోటితో వాడండి. పాడ్‌కాస్ట్ మధ్యలో ఆపి, ఇప్పటిదాకా ఏం చెప్పారో రెండు వాక్యాల్లో చెప్పుకోండి. ఆపడం ముఖ్యం.

నాగోల్ ప్యాసింజర్

అందరి మాటలూ రెండేసి సార్లు చదివాను. ఇలా అనుకున్నాను, ఎక్కడైనా తప్పుంటే చెప్పండి. మొదటి గ్రూపు మాత్రమే కడతాను. రాత్రి గంటలో కాస్ట్, అకౌంట్స్ లెక్కలు. లా, జీఎస్టీ కొత్త పాఠాలు శని, ఆదివారాల్లో చదివి, అప్పుడే కార్డులు రాసుకుంటాను. పొద్దున నాగోల్ నుంచి అమీర్‌పేట దాకా కార్డులు. అమీర్‌పేటలో మియాపూర్-ఎల్బీనగర్ లైన్ జనం ఎక్కి కిక్కిరిసిపోతుంది, అక్కడి నుంచి ఫోన్ జేబులో పెట్టేసి, ముందు రాత్రి చేసిన లెక్క అడుగులు మనసులో చెప్పుకుంటాను. సాయంత్రం అమీర్‌పేట వరకు ఏమీ చేయను. అక్కడి నుంచి పొద్దున రాని కార్డులు మాత్రమే.

కాస్టింగ్ టేబుల్

బాగుంది. రెండు సవరణలు. శని, ఆదివారాల్లో ఒక పూట పాత పేపర్ రాయడానికి వదలండి, లేకపోతే చదువుతూనే ఉంటారు, రాయడం అలవాటవదు. ఇంకోటి, అడ్మిషన్‌కీ పరీక్షకీ మధ్య కొన్ని నెలల గడువు ఉండాలనే నిబంధన ఉంది. ఏ పరీక్షకి ఏ తేదీలోపు చేరాలో ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్‌లో చూసి, ముందు ఆ పని చేయండి. డబ్బు కట్టాక చదువుకి ఒక తేదీ వస్తుంది.

పుష్‌పుల్ కాజీపేట

ఇంకోటి తమ్ముడూ. ఒంటరిగా చేస్తే నెలకే నీరసం వస్తుంది. నీ దారిలోనే వెళ్లేవాడు, ఇలాంటి పరీక్షకే చదివేవాడు ఒక్కడు దొరికితే పట్టుకో. మా బోగీ నడిచింది అందుకే.

తార్నాక టెకీ

నాగోల్ గారూ, నేను సీఎంఏ కాదు కానీ మా చెల్లి భర్త అదే గ్రూపుకి కట్టాడు. హబ్సిగూడలో ఎక్కుతాడు, దిగేది హైటెక్ సిటీ. మీరు ఎన్నింటి ట్రైన్, ఏ కోచ్? లా పేపర్ అతనికి అస్సలు ఎక్కడం లేదట, అకౌంట్స్ మాత్రం బాగా వచ్చు.

నాగోల్ ప్యాసింజర్

ఎనిమిదింబావుకి నాగోల్‌లో ఎక్కుతాను, మధ్య కోచ్. హబ్సిగూడకి పది నిమిషాల్లోపే వచ్చేస్తుంది. సోమవారం నుంచి ఆయన్ని ఆ కోచ్‌లోనే ఎక్కమనండి. కాంట్రాక్ట్ చట్టం కార్డులు నేను తెస్తాను. కన్‌సైన్‌మెంట్ (అమ్మిపెట్టమని ఏజెంటుకి సరుకు పంపడం) లెక్కలు ఆయన్ని అడుగుతాను. మీ ఇన్‌బాక్స్‌కి నంబర్ పంపుతున్నాను.